ఫాంటసీ కథకి ఒక జాతిని పుట్టించడం ఎలా: నేల నుంచి నుడి దాకా

మీ కథలో ఒక కల్పిత జాతి ఉంది. వాళ్ళకో పేరు పెట్టారు, ఒంటి నిండా పచ్చబొట్లు పొడిచారు, చేతికి వంకర కత్తులిచ్చారు, నాలుగు కరకు మాటలు నేర్పారు. అయినా వాళ్ళు కాగితం మీంచి లేచి రావడం లేదు. నాటకంలో అద్దె దుస్తులు వేసుకున్న గుంపులాగే ఉన్నారు.

నేను చదివినంతలో, రాసినంతలో నాకు తెలిసిన కారణం ఒక్కటే. నిజంగా బతికిన, బతుకుతున్న ప్రజల దగ్గరికి వెళ్ళి వాళ్ళ వేషం తెచ్చుకుంటాం. ఆ వేషం ఎందుకొచ్చిందన్న సంగతి మాత్రం అక్కడే వదిలేసి వస్తాం. తెచ్చుకోవలసింది ఆ సంగతినే. కారణం చేతికొస్తే వేషాన్ని మీరే కుట్టుకోవచ్చు, అది ఎవరి దగ్గరా దొంగిలించింది కాదు.

ఇక్కడ ఒక చిన్న జాతిని మొదటి నుంచి కడతాను. పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టుకుని మీ జాతిని మీరు కట్టుకుంటూ రండి.

1. ముందు నేల చూడండి, ఆ తర్వాతే మనుషులు

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథలో గుర్రాల మీద తిరిగే దోత్రాకీ జాతి గురించి మీలో చాలామందికి తెలుసు. మంగోలులు, హూణులు, అలాన్లు, ఉత్తర అమెరికా మైదానాల్లోని సూ, షాయెన్ తెగలు, వీళ్ళందరినీ కలిపి, కొంత కల్పన జోడించి ఆ జాతిని చేశానని రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ స్వయంగా చెప్పాడు. ఆ కథలో దోత్రాకీలు గొర్రెలు కాసేవాళ్ళని "గొర్రె మనుషులు" అని ఈసడిస్తారు. నిజమైన మంగోల్ బతుకులోకి వెళ్ళి చూడండి. అక్కడ మంద అంటే ఐదు రకాల జంతువులు: గుర్రం, ఆవు, ఒంటె, గొర్రె, మేక. గుడారం మీద కప్పే దట్టమైన కంబళి గొర్రె బొచ్చుతో చేసిందే. గొర్రె లేకపోతే గుడారం లేదు, చలికాలం గడవదు. గుర్రం వీరుడిది కావచ్చు, ఇల్లు మాత్రం గొర్రెది.

గుర్రాన్ని మాత్రమే తెచ్చుకుని గొర్రెను వదిలేస్తే మీ జాతి ఏం తింటుంది, ఏం కప్పుకుంటుంది అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. పాఠకుడు ఆ ప్రశ్న పైకి అడగకపోవచ్చు గానీ, ఆ లోటు మాత్రం అతనికి తగులుతుంది.

అందుకని నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీద ఇవి రాసుకోండి. వీళ్ళు దేన్ని కాల్చి వండుకుంటారు? ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన నెలలో ఏం తింటారు? ఇల్లు దేనితో కడతారు, ఎన్నాళ్ళుంటుంది? చచ్చిపోయినవాళ్ళని ఏం చేస్తారు? ఎవరి దగ్గర ఏం కొనుక్కోక తప్పదు? ఆఖరి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. తనకి కావలసినవన్నీ తానే చేసుకునే జాతి ఎక్కడా లేదు. కొనుక్కునే చోటే స్నేహాలూ యుద్ధాలూ మొదలవుతాయి.

నా జాతికి చిత్తడి నేల ఎంచుకున్నాను. దక్షిణ ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల చిత్తడిలో మార్ష్ అరబ్బులు రెల్లు కట్టలు వంచి పెద్ద కమానుల్లాంటి ఇళ్ళు కడతారు. వచ్చినవాళ్ళు కూర్చునే ఇంటి పేరు ముదీఫ్. 1990లలో ప్రభుత్వం ఆ చిత్తడిని ఎండగట్టేసింది, జనం చెల్లాచెదురయ్యారు. 2003 తర్వాత గట్లు తెంచి మళ్ళీ నీళ్ళు వదిలారు. దక్షిణ అమెరికాలో టిటికాకా సరస్సు మీద ఉరూ ప్రజలు తొతోరా అనే రెల్లుతో ఏకంగా తేలే దీవులే కడతారు. అడుగున కుళ్ళిపోతుంటే పైన కొత్త రెల్లు పరుస్తూనే ఉండాలి.

ఈ రెండిటి నుంచీ నేను తెచ్చుకున్నది రెల్లు ఇంటి బొమ్మ కాదు. ఒకటి: ఇల్లు నిత్యం కుళ్ళుతూ ఉంటుంది, అందుకే దాన్ని నిత్యం కడుతూనే ఉండాలి. రెండు: నీళ్ళు ఎవరి చేతిలో ఉంటే ఈ జనం ప్రాణం వాళ్ళ చేతిలో ఉంటుంది. నా జాతిలో వరద వచ్చే ముందు తాళ్ళు విప్పి ఇంటిని దిగువకి తేల్చుకుపోతారు. కాబట్టి వాళ్ళకి "మా ఇల్లు అక్కడ" అనడం కుదరదు. ఇంటిని కట్టేసే గుంజ ఒక్కటే కదలదు. వాళ్ళ వారసత్వం, పరువు, తగాదాలు అన్నీ ఆ గుంజ చుట్టూ తిరుగుతాయి. ఇది నేను ఎక్కడా చదవలేదు. నేలను పట్టుకుని ఆలోచిస్తే దానంతట అదే వచ్చింది.

2. ఒక్క చోట నుంచే అంతా తేవద్దు

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవలలో టోల్కీన్ రాసిన రోహిరిమ్ అనే గుర్రపు జాతిని తీసుకోండి. వాళ్ళ పేర్లు, మాటలు పాత ఇంగ్లిష్‌వి. రాజు పేరు థెయొడెన్, ఆ మాటకి పాత ఇంగ్లిష్‌లో అర్థం దొర. కానీ ఆ పాత ఇంగ్లిష్ మాట్లాడిన ఆంగ్లో-సాక్సన్లు గుర్రపు యోధులు కారు. 1066 హేస్టింగ్స్ యుద్ధంలో ఇంగ్లిష్ సైన్యం నేల మీద నిలబడే పోరాడింది. భాష ఒక చోటది, గుర్రం ఇంకో చోటది. ఆ అతుకు దగ్గరే కొత్త జాతి పుట్టింది.

నేను పాటించే లెక్క చెబుతాను. బతుకుతెరువు ఒక చోట నుంచి, బంధుత్వాల పద్ధతి ఇంకో చోట నుంచి, భాష పోకడ మూడో చోట నుంచి. ఈ మూడూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి. ప్రతిదాని పక్కనా ఎక్కడి నుంచి తెచ్చారో, ఎందుకు తెచ్చారో రాసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అడిగితే మీకే గుర్తుండదు.

3. ఈ అద్దంలో ఎవరు కనబడతారో చూసుకోండి

ఇక్కడ కాస్త ఆగాలి. చాలామంది దాటేసే మెట్టు ఇదే.

టోల్కీన్ తన మరుగుజ్జు జాతి డ్వార్ఫ్‌ల గురించి 1955లో ఒక ఉత్తరంలో రాస్తూ, వాళ్ళు తనకి యూదుల్లా తోస్తారన్నాడు: ఉన్న ఊళ్ళోనే పరాయివాళ్ళు, ఊరి భాషే మాట్లాడినా లోపల దాచుకున్న సొంత నుడి యాస వినిపించేవాళ్ళు. వాళ్ళ భాష ఖుజ్దూల్‌ని కూడా హీబ్రూ, అరబ్బీల్లాగే మూడు హల్లుల ధాతువుల మీద కట్టాడు. ఆ పోలికలో ఎంతో సానుభూతి ఉంది. కానీ అదే జాతికి బంగారం మీద తీరని ఆశ కూడా అంటగట్టి ఉంది. యూదుల మీద శతాబ్దాలుగా వేస్తూ వచ్చిన నింద అది. ఇక తన కథలోని దుష్ట జాతి ఓర్క్‌ల రూపం గురించి 1958 నాటి ఉత్తరంలో, యూరప్ కళ్ళకి అందవిహీనంగా కనబడే మంగోల్ ముఖాలకి వికృత రూపాలు అని రాశాడు. అంత గొప్ప భాషావేత్త కూడా తన కాలం పెట్టిన కళ్ళద్దాలతోనే చూశాడు. మనవీ చూసుకోవాలి కదా.

మన దగ్గరి సంగతే తీసుకోండి. 2015లో వచ్చిన 'బాహుబలి'లో కాలకేయులకి కిలికి అనే భాషని మదన్ కార్కీ తయారు చేశాడు. నేను అంటే "మిన్", నువ్వు అంటే "నిమ్". నువ్వూ నేనూ ఒకరికొకరు అద్దంలో బొమ్మలమన్న ఊహ అది. ఎంత అందమైన ఊహ! అయితే ఆ భాష మాట్లాడేవాళ్ళందరినీ నల్లని ఒళ్ళు, పాచి పళ్ళు, క్రూరత్వం తప్ప ఇంకేం లేని గుంపుగా చూపించారు. భాషకి దక్కిన శ్రద్ధలో పదో వంతు ఆ మనుషులకి దక్కి ఉంటే ఆ యుద్ధం ఇంకా లోతుగా తగిలేదని నా నమ్మకం.

పరీక్ష ఇలా చేయండి. మీ జాతి లక్షణాలు ఒక పది కాగితం మీద రాయండి. జాతి పేరు కొట్టేసి, ఆ కాగితాన్ని మీ కథ తెలియని మనిషికి చూపించి "ఎవరు గుర్తొచ్చారు?" అని అడగండి. నిజంగా ఉన్న ఒక సమూహం పేరు వెంటనే వచ్చిందంటే, అందులోనూ ఆ పదిట్లో ఎక్కువ భాగం తిట్లే అయితే, వెనక్కి వెళ్ళి మళ్ళీ కట్టండి. దుర్మార్గులు ఉండాలంటే ఉండనివ్వండి. జాతి మొత్తానికి ఒకే గుణం వద్దు.

బతికున్న భాషలోంచి పవిత్రమైన మాటల్ని ఎత్తుకురావడం కూడా ఇలాంటిదే. 2001లో ఒక బొమ్మల కంపెనీ తన ఆటబొమ్మల కథలో న్యూజిలాండ్ మూలవాసులైన మావొరీల మాటలు వాడింది. అందులో "తొహుంగా" ఒకటి. మావొరీలలో అది పెద్ద విద్యావంతుడికి, పూజాదికాలు తెలిసినవాడికి ఇచ్చే గౌరవం. వాళ్ళు అభ్యంతరం చెప్పారు, కంపెనీ ఆ పేరు మార్చింది.

4. శబ్దాల జల్లెడ తయారు చేసుకోండి

హవాయి భాషలో ఉన్న హల్లులు ఎనిమిదే. రెండు హల్లులు కలిసి రావు, ప్రతి అక్షరం అచ్చుతో ముగియాలి. అక్కడికి "మెర్రీ క్రిస్మస్" వెళ్ళి "మెలె కలికిమక" అయింది. ర లేదు కాబట్టి ల, స లేదు కాబట్టి క, జంట హల్లుల మధ్య అచ్చులు దూరాయి. మన నోట్లో బస్ "బస్సు", రోడ్ "రోడ్డు" అయినట్టే. ప్రతి భాషా ఒక జల్లెడ. ముందు జల్లెడ చేసుకోండి, పేర్లు తర్వాత.

నా చిత్తడి జనానికి ప, త, క, స, మ, న, ల, వ, య మాత్రమే ఇచ్చాను. ద, గ, బ, జ లేవు. ర లేదు, ఒత్తులు లేవు. పొగమంచులో, రెల్లు చాటు నుంచి ఒకరినొకరు పిలుచుకునే జనం కాబట్టి పేరు చివర సాగే దీర్ఘం. కానరీ దీవుల్లో లా గొమెరా అనే చోట లోయ ఇవతలి నుంచి అవతలికి ఈలలతోనే మాట్లాడుకుంటారు. 2009లో యునెస్కో దాన్ని మానవ వారసత్వ జాబితాలో చేర్చింది. దూరం మాటని ఎలా మారుస్తుందో అక్కడ నేర్చుకున్నాను.

ఇప్పుడు పరాయి మాటని జల్లెడలో వేసి చూద్దాం. "దుర్గం" వీళ్ళ నోట్లో ఏమవుతుంది? ద లేదు, త అవుతుంది. ర్గ విడిపోయి లుకా అవుతుంది. సున్నా పోయి ము వస్తుంది. "తులుకాము". కోటలు లేని జనం పొరుగువాళ్ళ దగ్గర ఆ మాట అరువు తెచ్చుకున్నారని ఆ ఒక్క మాటే చెబుతోంది. వాళ్ళకి నేను ఇచ్చిన పేర్లు: అక్క సినూవా, తమ్ముడు తెపీలూ.

పేరు ఖాయం చేసేముందు దాన్ని వెతకండి. నేను మొదట రాసిన కథలో ఒక ఎడారి నాయకుడికి "నహర్" అని పెట్టాను. నేనే కల్పించాననుకున్నాను. అరబ్బీ తెలిసిన స్నేహితుడు చదివి, నహర్ అంటే నది అని చెప్పాడు. ఎప్పుడో చెవిన పడ్డ మాట లోపలే ఉండిపోయి, నాది అనిపించింది. కథ మొత్తం మళ్ళీ తిరగరాయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పేరునీ వెతుకుతాను. తెలుగులో దానికేమైనా అర్థం వస్తుందేమో కూడా గట్టిగా చదివి చూసుకుంటాను.

5. వ్యాకరణంలో ఒక్క మలుపు ఎంచుకోండి

కొత్త భాష అనగానే పదాల పట్టిక మొదలుపెడతారు. ఐదువందల మాటలు తయారు చేసుకున్నా కథలో పది కూడా కనబడవు. దానికంటే, మాట్లాడితే చాలు బయటపడక తప్పని ఒక్క అలవాటు పెట్టండి. అది తెలుగులో రాసిన సంభాషణలో కూడా కనబడుతుంది.

ఎక్కడి నుంచి తేవాలి? మొదట మన నోట్లోనే వెతకండి. మనకి "మనం" ఉంది, "మేము" ఉంది. ఎదుటివాడిని కలుపుకోవడం, వదిలేయడం ఒక్క మాటలో తేలిపోతుంది. ఇంగ్లిష్‌కీ హిందీకీ ఈ వీలు లేదు. మనకి "అట" ఉంది. "వచ్చాడు" అంటే నాకు తెలుసు, "వచ్చాడట" అంటే ఎవరో చెప్పారు. ఆండీస్ కొండల్లోని కెచువా భాషలో ఇది ఇంకా గట్టి పద్ధతి: స్వయంగా తెలిసినదానికి "-మి", విన్నదానికి "-సి" చేరుతుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు, పుకారు నడిచేటప్పుడు, అబద్ధం ఆడేటప్పుడు ఇలాంటి భాష మాట్లాడే మనిషి ఎంత ఇరుకున పడతాడో ఊహించండి.

మన క్రియల్లో ఇంకో వింత ఉంది. "ఆమె వచ్చింది", "గేదె వచ్చింది". ఏకవచనంలో ఆడమనిషీ జంతువూ ఒకే జట్టు. బహువచనంలోకి వెళ్ళగానే "వాళ్ళు వచ్చారు", "అవి వచ్చాయి". ఆడవాళ్ళు మనుషుల జట్టులోకి వచ్చేశారు. మీ జాతి భాష ఎవరిని ఏ జట్టులో పెడుతుంది? నదిని మనుషుల జట్టులో పెట్టే భాషని ఊహించండి. ఆ జనం నదికి ఆనకట్ట కట్టగలరా?

దూరంగా వెళ్తే ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియా ఈశాన్యాన గూగు యిమిథిర్ మాట్లాడేవాళ్ళు కుడి ఎడమ అనరు, దిక్కులే చెబుతారు. నీ ఉత్తరపు కాలి మీద చీమ ఉంది అన్నట్టుగా. (1770లో కెప్టెన్ కుక్ బృందం కంగారూ అన్న మాట రాసుకున్నది వీళ్ళ దగ్గరే.) ఆండీస్ కొండల్లోనే ఉన్న ఐమారా భాషలో గడిచిన కాలం కళ్ళ ముందుంటుంది, రాబోయేది వీపు వెనక. చూసినదే ముందు ఉంటుంది, చూడనిది వెనక ఉంటుంది కదా, ఎంత సబబో చూడండి. 2009లో వచ్చిన 'అవతార్' సినిమాలోని నావి జాతి కోసం పాల్ ఫ్రోమర్ తయారు చేసిన భాషలో లెక్క ఎనిమిదితో తిరుగుతుంది, ఎందుకంటే ఆ జాతికి చేతికి నాలుగే వేళ్ళు. ఒంట్లోంచి పుట్టిన వ్యాకరణం అది.

ఇవన్నీ ఒకే జాతిలో కుక్కకండి. నేను రెండు తీసుకున్నాను. నా జనం కుడి ఎడమలకి బదులు ఎగువ చేయి, దిగువ చేయి అంటారు. తాము చూడనిదాన్ని "అట" లేకుండా చెప్పడం వాళ్ళలో పెద్ద తప్పు.

6. పొరుగువాళ్ళు పెట్టిన పేరు వేరు, తమ పేరు వేరు

అమెరికాలో క్లామత్ నది మీద రెండు జాతులున్నాయి, కారుక్, యూరోక్. కారుక్ భాషలో "కారుక్" అంటే ఎగువ, "యూరుక్" అంటే దిగువ. అంటే యూరోక్ జనాన్ని ప్రపంచమంతా పొరుగువాళ్ళు పెట్టిన "దిగువోళ్ళు" అనే పేరుతో పిలుస్తోంది. బ్రిటన్‌లో వేల్స్ ప్రజలని పిలిచే "వెల్ష్" అన్న ఇంగ్లిష్ మాటకి మూలంలో అర్థం పరాయివాడనే. వాళ్ళు తమని చెప్పుకునే మాట "కమ్రి", దానికి అర్థం ఒకే నేలవాళ్ళు.

మీ జాతికి కూడా రెండు పేర్లు పెట్టండి. నా జనం తమని "లూనియే" అనుకుంటారు, నీటి మనుషులని. గట్టు మీదవాళ్ళు "తుంగవాళ్ళు" అంటారు. ఎవరు ఎవరి ముందు ఏ పేరు వాడారన్నదాంట్లోనే సగం రాజకీయం నడుస్తుంది.

విడిపోయిన చుట్టపు జాతి కూడా కావాలంటే ఒక్క శబ్దాన్ని క్రమం తప్పకుండా మార్చండి. తెలుగు, కన్నడం పక్కపక్కన పెట్టండి: పాలు, హాలు. పులి, హులి. పువ్వు, హూవు. మొదటి ప కన్నడంలో హ అయింది. టోల్కీన్ తన కథలోని ఎల్ఫ్ అనే జాతి మాట్లాడే రెండు భాషలకీ ఇలాగే ఒక ఉమ్మడి తల్లిని ఊహించాడు. చెట్టు ఒక భాషలో "అల్డ", రెండో భాషలో "గలద్". మొదటిదాని వెనక ఫిన్నిష్ సొబగు, రెండోదాని వెనక వెల్ష్ సొబగు.

7. తెలుగులోనే తేడా చూపించండి

టోల్కీన్ చేసిన ఒక గొప్ప పని తెలుగు రచయితలకి బాగా పనికొస్తుంది. తన కథలో అందరూ మాట్లాడే భాషని ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేస్తున్నట్టు ఊహించుకున్నాడు. దానికి పాత చుట్టమైన రోహిరిమ్‌ల భాషని ఇంగ్లిష్‌కి పాత రూపమైన ఆంగ్లో-సాక్సన్‌తో సూచించాడు.

మనకి అలాంటి మెట్లు ఎన్నో ఉన్నాయి. ఒక జాతి నోట అచ్చ తెలుగు పెట్టండి, ఒక్క సంస్కృత పదం లేకుండా. ఖ, ఘ, ధ, భ లాంటివి వాటంతటవే తప్పుకుంటాయి. పదహారో శతాబ్దంలో పొన్నెగంటి తెలగన "యయాతి చరిత్రము" కావ్యం మొత్తం అలాగే రాశాడు, కాబట్టి రెండు పేజీల సంభాషణ రాయడం మన వల్ల అవుతుంది. రాజధాని జనానికి సమాసాలు ఇవ్వండి. "వరద ఉద్ధృతి దృష్ట్యా" అనేవాడూ, "ఏరు పొంగుతోంది" అనేవాడూ ఎదురెదురుగా నిలబడితే వాళ్ళిద్దరి మధ్య ఉన్న దూరం వివరించక్కర్లేదు. నిజంగా ఉన్న ఒక ప్రాంతపు యాసని మాత్రం అనాగరికులకీ దొంగలకీ అంటగట్టకండి. అది చదివే మనిషి ఇంట్లో మాట్లాడుకునే భాష కావచ్చు.

8. ఒక తగాదా రాసి చూడండి

ఇప్పుడు ఒక పేజీ రాయండి. ఆ జాతివాళ్ళు ఇద్దరే ఉండాలి, బయటివాడు ఉండకూడదు. ఉంటే వాడికి ఆచారాలు వివరించడం మొదలవుతుంది. వాళ్ళు ఏదో ఒక విషయం మీద పోట్లాడుకోవాలి. ఏ ఆచారాన్నీ విప్పి చెప్పకూడదు. నేను రాసింది ఇది:

"ఎగువన గట్టు తెగిందట, అంతే కదా," అన్నాడు తెపీలూ. "ఒక్క అట కోసం ఇల్లు విప్పుతామా?"

సినూవా ముడి మీంచి తలెత్తలేదు. "గట్టు నేను చూడలేదు. నీరు చూశాను. పొద్దున కొలకర్రని దిగువ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నానికి మూడు గంట్లు మునిగాయి."

"నాన్న పాతిన గుంజ ఇది."

"తెలుసు."

"మనం కదలం, అక్కా."

లోపల పిల్లలు రెల్లు కట్టల మీద చేపబుట్టలు సర్దుతున్నారు. సినూవా రెండో ముడి విప్పి, తాడు చుట్ట చుట్టి, తమ్ముడి కాళ్ళ దగ్గర పెట్టింది.

"సరే," అంది. "మేము వెళ్తున్నాం."